లేని పేరుకి లేదనే జవాబు

ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని లాగుతూ నేను ల్యాబ్ తలుపు దగ్గర కూర్చుని ఉన్నాను. లోపల రెండో సంవత్సరం బీకాం పిల్లలు స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుకుంటున్నారు. ముప్ఫై కంప్యూటర్లలో నాలుగు ఎప్పటిలాగే మొరాయించాయి కాబట్టి కొందరు ఇద్దరిద్దరుగా సర్దుకున్నారు. వెనక వరసలోంచి కామర్స్ లెక్చరర్ గొంతు వినపడింది. పెద్దగా అరవలేదాయన. అరిచినా బాగుండేది.

"మీ అమ్మ పత్తి ఏరి నిన్ను చదివించేది ఇందుకా?" అన్నారు.

లేచి చూశాను. ఒక అమ్మాయి ముందున్న తెర మీద సగం బట్టల్లో ఉన్న ఆడమనిషి బొమ్మ, పక్కనే పేకముక్కలు, ఆడి గెలవమని మెరిసే అక్షరాలు. ఆ అమ్మాయి చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. తాను తెరవలేదంది. మరి దానంతటదే తెరుచుకుందా అని ఆయన అడిగారు. ల్యాబంతా వెనక్కి తిరిగి చూసింది. ఎవరో కిసుక్కుమన్నారు. కాలేజీ క్రమశిక్షణ ఆయన చేతిలోనే ఉండేది. రిజిస్టర్లో నంబరు చూసి అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశారు.

ఆ అమ్మాయి అన్న తిరువూరుకి, గంపలగూడేనికి మధ్య షేర్ ఆటో నడుపుతాడు. అరగంటలో గేటు బయట ఆటో ఆగింది. అతను లోపలికి కూడా రాలేదు. ఆ అమ్మాయి సంచీ తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

ఆ రోజు నేను ఏమీ అనలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను చేసినవాటిని చూసి ధైర్యవంతురాలు అన్నవాళ్ళున్నారు. ధైర్యమే ఉంటే ఆ పూట ఉండాల్సింది. ఆ పూట నేను ప్రింటర్లోంచి కాగితం లాగుతూ ఉండిపోయాను.

మా నాన్న లారీ మెకానిక్. బండి ఆగిపోతే ముందు డ్రైవర్ని తిట్టడం ఓనరు పని, ముందు బానెట్ ఎత్తడం మన పని అనేవాడు. పిల్లలందరూ వెళ్ళిపోయాక నేను ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏం కొట్టిందో అందులో అంతా ఉంది. స్కాలర్‌షిప్ సైటు పేరే కొట్టింది. అందులో ఒక అక్షరం పోయింది, అంతే. ఆ పేరుతో లోకంలో ఏ సైటూ లేదు. లేని సైటు ఎలా తెరుచుకుంది?

నేనూ ఒక పిచ్చి పేరు కొట్టి చూశాను. నోటికి తిరగని పది అక్షరాలు. అదే పేజీ వచ్చింది, బొమ్మలో ఆడమనిషి మాత్రం మారింది. పక్క కంప్యూటర్లో కొట్టాను. అదే. ఆఫీసు గదిలో గుమస్తాని అడిగి ఆయన కంప్యూటర్లో కొట్టాను. అక్కడా అదే. ఆయన కంగారుగా తెర మీద చెయ్యి అడ్డం పెట్టారు.

ఈ సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. కంప్యూటర్లకు పేర్లు తెలియవు, నంబర్లు తెలుసు. మనం ఒక సైటు పేరు కొడితే, ఆ పేరుకి నంబరేమిటని మన కంప్యూటర్ ఎవరినో ఒకరిని అడగాలి. అలా అడిగించుకుని, నాలుగు చోట్లా విచారించి జవాబు తెచ్చే సర్వర్ని రిజాల్వర్ అంటారు. మా కాలేజీకి ఆ పని చేసిపెట్టేది మాకు నెట్ ఇచ్చే లోకల్ ఆపరేటర్ సర్వరు. ఆ పేరు ఎక్కడా లేకపోతే లేదని చెప్పడం దాని ధర్మం. ఇది అలా చెప్పడం లేదు. లేని పేరు ఏది అడిగినా తన ప్రకటనల పేజీ నంబరు చేతిలో పెడుతోంది. విస్సన్నపేటలో బస్సు దిగి లేని ఇల్లు అడిగినవాడికి తెలియదండీ అని చెప్పాలి గానీ, చెయ్యి పట్టుకుని పేకాట గదిలోకి తీసుకెళ్తారా? తీసుకెళ్ళి, ఇక్కడికెందుకొచ్చావని తిడతారా?

మర్నాడు పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చెడ్డమనిషి కాదు, భయస్తుడు. నేను చెప్పినదంతా విన్నారు. ఆ అమ్మాయి తప్పు లేదని ఒప్పుకున్నారు కూడా. కానీ నెట్ ఇచ్చేది కాలేజీ నడిపే కరస్పాండెంటు గారి బావమరిది. ఆ మాట ప్రిన్సిపాల్ గారు అనలేదు, కిటికీ వైపు చూశారు. ల్యాబ్ వరకు మన సొంత రిజాల్వర్ పెట్టుకుంటాను, అనుమతి ఇవ్వండని కాగితం రాసిచ్చాను. రెండు రోజుల తర్వాత అది తిరిగొచ్చింది. మూల మీద ఎర్రసిరాతో ప్రస్తుతం అవసరం లేదు అని రాసి ఉంది.

ఎవరికి అవసరం లేదు?

ఆ కాలేజీలో పదకొండేళ్ళుగా నా ఉద్యోగం పేరు ల్యాబ్ ఇన్‌చార్జి. పేరు పెద్దది. మౌసులు తుడవడం, హాజరు వేయడం, లెక్చరర్ల పిల్లల ప్రాజెక్టులు ప్రింటు తీసిపెట్టడం, పని మాత్రం ఇదీ. అయితే ల్యాబ్ రిజిస్టరు మొదటి పేజీలో నా బాధ్యతలు రాసి ఉన్నాయి. యంత్రాలను పనిచేయు స్థితిలో ఉంచుట అని మూడో వాక్యం. కింద కరస్పాండెంటు గారి సంతకం, ముద్ర. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అనుమతి నాకు పదకొండేళ్ళ క్రితమే ఇచ్చారు, నేను వాడుకోలేదంతే అనిపించింది.

విరిగిన బెంచీలు పడేసే స్టోర్ రూములో పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి ఉంది. మూత తీసి, దుమ్ము దులిపి, పనికిరాని ఇంకోదాంట్లోంచి మెమరీ తీసి దీనికి బిగించి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాను. లినక్స్ నాకు ఎవరూ నేర్పలేదు. పిల్లలు లేని పీరియడ్లలో చదువుకున్నాను, చెడగొట్టి బాగుచేసుకుంటూ నేర్చుకున్నాను. రిజాల్వర్ పని చేసే ప్రోగ్రామ్ ఒకటి ఎంచుకున్నాను, అన్‌బౌండ్ అని. కట్టు లేనిదని దాని అర్థం. ఆ పేరు చూసి ఎంచుకున్నానని చెప్పను గానీ, పేరు నచ్చిన మాట నిజం.

అది ఒకేసారికి లేచి కూర్చోలేదు. ఇలాంటి ప్రశ్నలు వచ్చే వాకిలి ఒకటుంటుంది, దాని నంబరు యాభై మూడు. లినక్స్‌తో పాటు వచ్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ముందే ఆ వాకిట్లో కూర్చుని ఉంటుంది. కాబట్టి ముందు దాన్ని ఆపేశాను. ఆపాక అన్‌బౌండ్‌ని నెట్‌లోంచి దింపుకుందామంటే దిగదు. గంటసేపు కేబుల్ పీకి పెట్టాను, స్విచ్ మార్చాను. చివరికి నా మీద నాకే నవ్వొచ్చింది. దారి చెప్పేవాణ్ణి నేనే ఇంట్లోంచి పంపేశాను, కొత్తవాడు ఇంకా రాలేదు. ఆ కొత్తవాడు ఎక్కడుంటాడో అడగడానికి సర్వరుకి ఎవరున్నారు? తాత్కాలికంగా ఒక నంబరు చేత్తో రాసిచ్చాక అప్పుడు దిగింది.

తర్వాత ల్యాబ్ కంప్యూటర్లోంచి దాన్ని ఒక పేరు అడిగితే, జవాబు చెప్పనని తిరస్కరించింది. మాన్యువల్ తీసి చదివితే తెలిసింది, ఊరూపేరూ తెలియనివాళ్ళకు జవాబివ్వకపోవడం దాని అలవాటు. ఎవరెవరు అడగొచ్చో మనమే రాసిపెట్టాలి. మా కాలేజీ కంప్యూటర్ల నంబర్లన్నీ రాశాను, బయటివాళ్ళెవరికీ తలుపు తీయొద్దని కూడా రాశాను. రెండో శనివారం మధ్యాహ్నం, కాలేజీలో వాచ్‌మన్ తప్ప ఎవరూ లేనప్పుడు, అది మొదటి జవాబు చెప్పింది. మన విశ్వవిద్యాలయం సైటు పేరు అడిగాను, నంబరు తెచ్చిపెట్టింది. రెండోసారి అడిగితే గుర్తుపెట్టుకుని కన్ను మూసి తెరిచేలోగా చెప్పింది.

ఇక తప్పు పేరు. ఆ అమ్మాయి కొట్టిన పేరే, ఒక అక్షరం లేకుండా, అలాగే కొట్టాను.

లేదు అనే జవాబు రావాలి. రాలేదు. ప్రకటనల పేజీ కూడా రాలేదు. ఏదో పొరపాటు జరిగిందని మాత్రం చెప్పి ఊరుకుంది. నా లెక్కలో ఎక్కడో తప్పు పోయిందనుకుని సర్వరు తన చిట్టాలో ఏం రాసుకుందో తెరిచి చూశాను. అందులో ఉన్న సంగతి నేను ఊహించింది కాదు. జవాబు వచ్చింది గానీ దానికి సరైన సంతకం లేదు, కాబట్టి నమ్మను అని రాసుకుంది. పేర్ల జవాబులకు పైనుంచి ఒక డిజిటల్ సంతకం ఉంటుంది, దారిలో ఎవరైనా మారిస్తే పట్టుబడటానికి. నా సర్వరు అడుగుతోంది ఆపరేటర్ని కాదు, ఎక్కడో బయట ఉన్న అసలు సర్వర్లని. అయినా దారిలో ఆపరేటర్ యంత్రం ఆ ప్రశ్నని పట్టుకుని, అసలువాళ్ళు చెప్పినట్టుగా తన అబద్ధం చెబుతోంది.

అంతవరకూ నాకు కోపం ఉంది గానీ, ఒక మూల సందేహం కూడా ఉండేది. ఏదో సెట్టింగు అలా ఉండిపోయిందేమో, వాళ్ళకీ తెలియదేమో అని. ఆ చిట్టా చూశాక సందేహం పోయింది. ఆ పేజీని ప్రింటు తీసి మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

దానికీ మార్గం ఉంది. మామూలుగా ఈ ప్రశ్నలు పోస్టుకార్డు మీద రాసినట్టు వెళ్తాయి, మోసేవాడు ఎవడైనా చదవొచ్చు, దిద్దొచ్చు. అలా కాకుండా కవరులో పెట్టి అంటించి, బయట నమ్మకమైన రిజాల్వర్‌కి పంపించవచ్చు. దానికి వాకిలి వేరు, నంబరు వేరు. నాలుగు లైన్లు మార్చి రాశాను. మళ్ళీ ఆ తప్పు పేరు కొట్టాను. ఈసారి తెల్లటి పేజీ, అందులో చిన్న అక్షరాలతో, ఈ పేరుతో ఏ సైటూ లేదు.

ఆ ఒక్క ముక్క చూసి నేను కుర్చీలో వెనక్కి వాలాను. అది ఆ అమ్మాయికి ఆ రోజే దక్కాల్సిన జవాబు.

సోమవారం నుంచి రోజుకి ఏడెనిమిది కంప్యూటర్ల చొప్పున నా చేత్తో అన్నిటికీ కొత్త సర్వర్ నంబరు రాశాను. సర్వర్ని నా బల్ల కింద పెట్టాను. దాచలేదు. దాని మీద కాగితం అంటించి ల్యాబ్ రిజాల్వర్, బాధ్యులు: ల్యాబ్ ఇన్‌చార్జి అని రాశాను.

మూడు వారాలు ఎవరూ పట్టించుకోలేదు. సైట్లు త్వరగా తెరుచుకుంటున్నాయని పిల్లలు అన్నారు. తర్వాత ఆపరేటర్ మనిషి కేబుల్ సరిచేయడానికి వచ్చి ఒక కంప్యూటర్ పరీక్షించి చూశాడు. ఈ నంబరు ఎవరిదని అడిగితే నాదేనన్నాను. అతను ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నం కరస్పాండెంటు గారి గది నుంచి పిలుపు వచ్చింది.

గదిలో ముగ్గురున్నారు. కరస్పాండెంటు గారు, ఆయన బావమరిది, గోడ పక్క కుర్చీ అంచున ప్రిన్సిపాల్ గారు. నన్ను కూర్చోమనలేదు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది. అనుమతి లేకుండా కాలేజీ నెట్‌వర్క్‌లో జోక్యం చేసుకున్నాననీ, క్షమించమనీ, ఇకమీదట ఇలా చేయననీ నా తరఫున ఎవరో రాసేశారు. సంతకం చోటు మాత్రం నాకు వదిలారు. కరస్పాండెంటు గారు మర్యాదగానే మాట్లాడారు. పదకొండేళ్ళ సర్వీసు ఉంది, పోలీసు కేసులూ అవీ ఎందుకమ్మా అన్నారు. బావమరిది మాత్రం ఇది హ్యాకింగ్ కిందికి వస్తుందన్నాడు.

బ్యాగులోంచి ఆ ప్రింటు తీశాను గానీ, ఆ గదిలో అది చదివి అర్థం చేసుకునేవాడు ఒక్కడే, వాడు ఒప్పుకోడు. మళ్ళీ లోపల పెట్టేశాను.

"సార్, సంతకం సంగతి తర్వాత. మీ కంప్యూటర్లో మన కాలేజీ పేరు కొట్టండి. ఒక్క అక్షరం తప్పు కొట్టండి," అన్నాను.

బావమరిది ఏదో అడ్డం వచ్చాడు. కరస్పాండెంటు గారు అతని వైపు ఒకసారి చూసి, కళ్ళజోడు సర్దుకుని, రెండు వేళ్ళతో నెమ్మదిగా కొట్టారు. నాకు తెర కనపడదు. ఆయన ముఖం కనపడింది. ప్రిన్సిపాల్ గారు ముందుకి వంగి చూసి వెనక్కి తగ్గారు.

"ఇది మీరు తెరిచారా సార్?" అని అడిగాను.

పైనున్న పెద్ద కంపెనీ వాళ్ళు అలా పెడతారు, మన చేతిలో ఉండదు అని బావమరిది ఏదో చెప్పబోయాడు. నేను అతని వైపు తిరగలేదు. ఇదే పేజీ వల్ల రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె కాలేజీ మానేసి నెల దాటిందని చెప్పాను. ఆ అమ్మాయి తప్పు లేదని కాలేజీ తరఫున ఒక కాగితం రాసివ్వమన్నాను.

కరస్పాండెంటు గారు తెర ఆపేశారు. కాగితాలెందుకమ్మా, ఆ పిల్లని రమ్మనండి, ఎవరూ ఏమీ అనరు అన్నారు. అనేదేదో లెక్చరర్ గారు అనేశారు కదా సార్, అందరి ముందూ అన్నారు అన్నాను. ఆయన చెయ్యి ఊపారు, ఇక వెళ్ళమన్నట్టు. టైపు కాగితం బల్ల మీదే ఉండిపోయింది, సంతకం లేకుండా.

ఇంటికి వెళ్ళేదారిలో మా ఆయన దుకాణం దగ్గర ఆగాను. ఆటోలకు, ట్రాక్టర్లకు సీటు కవర్లు కుడతాడు. మిషన్ ఆపకుండానే అంతా విన్నాడు. ఉద్యోగం పోతుందేమోనన్నాను.

"తప్పు నీదా?" అన్నాడు.

కాదన్నాను.

"మరి సంతకం నీదెందుకవుతుంది?" అని మళ్ళీ కుట్టుకోసాగాడు.

వాళ్ళు రాయనన్న కాగితం నేను రాశాను. ఆ రోజు ఆ అమ్మాయి ఏ పేరు కొట్టింది, అందులో ఏ అక్షరం తప్పింది, ఆ పేజీ ఎందుకు వచ్చింది, ఆఫీసు కంప్యూటర్లోనూ అదే ఎలా వచ్చింది, అన్నీ తేలిక మాటల్లో రాసి, నా సంతకం పెట్టి, ల్యాబ్ ముద్ర వేశాను. ఆదివారం పొద్దున గంపలగూడెం వైపు షేర్ ఆటో ఎక్కాను. ఆ అమ్మాయి అన్న ఆటో కాదు, వేరేది. డ్రైవర్ని అడిగితే ఇల్లు అతనే చెప్పాడు, అతని ముఖంలో చిన్న నవ్వు కూడా చూశాను. అంటే కబురు స్టాండు దాకా పాకిందన్నమాట.

వాళ్ళు చర్చి నుంచి అప్పుడే వచ్చారు. తల్లి నాకు కుర్చీ వేసి తాను గుమ్మంలో కూర్చుంది. ఆమె వేళ్ళ చివర్లన్నీ పత్తికాయ గీరిన గీతలు. అన్న ఆటో పక్కన నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. కాగితం నేనే చదివాను. తల్లికి నంబర్ల సంగతి అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, కూతురు అబద్ధం ఆడలేదని. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

అన్న అప్పుడు మాట్లాడాడు. "కాగితం మీరు రాసింది మేడమ్, కాలేజీ రాసింది కాదు. స్టాండులో నన్ను అడిగేవాళ్ళకి ఇది చూపించమంటారా?"

అతను అన్నది నిజం. కాలేజీ రాయదని, రాసేదాకా ఆగితే చెల్లెలి చదువు పోతుందని మాత్రం చెప్పాను. అంతవరకూ ఆ అమ్మాయి లోపలే ఉంది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"కాగితం వద్దు మేడమ్. ఆ సారు అందరి ముందూ అన్నారు. అందరి ముందే నేను చూపిస్తాను. ఎట్లా చూపించాలో నాకు చెప్పండి," అంది.

అన్న తల తిప్పి చెల్లెలి వైపు చూశాడు. వద్దనలేదు. నేను ఆ గుమ్మంలోనే, నా నోటు పుస్తకంలో గీతలు గీసి చెప్పాను. పేరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుంది, ఎవరు అడ్డం పడతారు, మన సర్వరు ఏం చేస్తుంది. ఒకసారి చెబితే అర్థం చేసుకుంది. రెండోసారి తనే నాకు తిరిగి చెప్పింది, నేను మర్చిపోయిన మెట్టుతో సహా.

బుధవారం ఆ క్లాసుకి ల్యాబ్ పీరియడ్. ప్రొజెక్టర్ పెట్టుకోవడానికి నాకు ఎవరి అనుమతీ అవసరం లేదు, అది ల్యాబ్‌దే. కామర్స్ లెక్చరర్ గారిని ఆ పీరియడ్‌కి రమ్మని నేనే వెళ్ళి పిలిచాను. ఎందుకో చెప్పాను కూడా. ఆయన రారనుకున్నాను. వచ్చి, వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఆ అమ్మాయి ముందు కంప్యూటర్ దగ్గర నిలబడింది. దగ్గి, మొదలుపెట్టింది. ఆ కంప్యూటర్‌కి ఆపరేటర్ నంబరు పెట్టి, స్కాలర్‌షిప్ సైటు పేరులో అదే అక్షరం వదిలేసి కొట్టింది. గోడంత పెద్ద తెర మీద ఆడమనిషి బొమ్మ, పేకముక్కలు వచ్చాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో అబ్బాయిని లేపి, మనసుకి తోచిన ఏ పిచ్చి పేరైనా చెప్పమంది. చెప్పాడు. కొట్టింది. మళ్ళీ అదే. తర్వాత మా ల్యాబ్ సర్వర్ నంబరు మార్చి రాసి, ఆ రెండు పేర్లూ మళ్ళీ కొట్టింది. రెండింటికీ తెల్లటి పేజీ వచ్చింది. లేదు, లేదు.

"ఆ రోజు నేను చెప్పింది ఇదే," అంది. ఆమె వెనక వరస వైపే చూస్తోంది.

కామర్స్ లెక్చరర్ గారు లేచి నిలబడ్డారు. ఏదో అంటారని గదంతా ఎదురుచూసింది. ఆయన బయటికి వెళ్ళిపోయారు. క్షమాపణ చెప్పారని రాయడానికి నాకూ ఆశగానే ఉంది, కానీ చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. అయితే మర్నాటి నుంచి ఆ అమ్మాయి హాజరు పిలిచేటప్పుడు ఆయన తల పైకెత్తలేదని పిల్లలు చెప్పారు. ఆమె మాత్రం క్లాసంతా వినపడేలా పలికేదట.

నాకు మెమో వచ్చింది. ముద్ర దుర్వినియోగం, అనుమతి లేని ప్రదర్శన, పై అధికారులను ధిక్కరించుట, మూడు నేరాలు. మూడింటికీ సంజాయిషీ అడిగారు. ముద్ర వేసింది నిజం, ప్రదర్శన జరిగింది నిజం, మూడోదానికి అర్థం తెలియలేదు, ఏ ఆదేశాన్ని ధిక్కరించానో ఆ ఆదేశం ప్రతి ఇప్పించగలరు అని రాసిచ్చాను. ఆ ప్రతి ఇంతవరకూ రాలేదు. అలాంటి ఆదేశం రాయాలంటే ఆ పేజీ సంగతి కూడా రాయాలి మరి.

ఉద్యోగం తీసేయలేదు. తీసేస్తే ఎక్కడెక్కడ మాట్లాడతానోనని భయపడ్డారనుకుంటాను. ల్యాబ్ నుంచి మార్చి లైబ్రరీకి వేశారు. ల్యాబ్‌కి కొత్తగా వచ్చినాయన మొదటి రోజే నా సర్వర్ని తీసేయబోయాడు. తీయగానే ఇరవై ఆరు కంప్యూటర్లలోనూ ఒక్క సైటూ తెరుచుకోలేదు. అరగంటలో మళ్ళీ పెట్టేశాడు. దాన్ని ఎలా చూసుకోవాలో అడగడానికి లైబ్రరీకి వచ్చాడు. మంచివాడే. ఒక్కొక్కటీ రాసిచ్చాను.

ఆ అమ్మాయికి స్కాలర్‌షిప్ గడువు మాత్రం దాటిపోయింది. ఆ ఏడాదికి రాలేదు. ఎంత చేసినా అది వెనక్కి తేలేకపోయాను. ఈ కథంతా గెలుపుగా చెప్పుకోవాలనిపించినప్పుడల్లా ఆ సంగతి గుర్తొస్తుంది. ఆమె డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేసి, ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తోంది. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు అన్న ఆటోలో వచ్చి స్వీటు పెట్టె ఇచ్చి వెళ్ళాడు.

లైబ్రరీలో పిల్లలు వాడుకునే కంప్యూటర్లు రెండున్నాయి. నన్ను అక్కడికి మార్చిన రెండో రోజే వాటి ముందు కూర్చున్నాను. ఆపరేటర్ సర్వర్ నంబరు చెరిపేసి, ల్యాబ్‌లో బల్ల కింద ఉన్న నా సర్వర్ నంబరు రాశాను. పట్టపగలు, తలుపు తీసే ఉంది. ఎవరినీ అడగలేదు.